పని ఫెయిలైనా 200 ఓకే పంపొచ్చా? యాప్ టీమ్‌తో గొడవ తెగట్లేదు

కొండాపూర్_కోడర్
రక్తపరీక్షకి ఇంటికొచ్చి శాంపిల్ తీసుకెళ్లే బుకింగ్ యాప్ మాది, ఆఫీసు గచ్చిబౌలిలో. యాప్, సర్వర్ మాట్లాడుకునే దారి, అంటే ఏపీఐ, కొత్తగా రాస్తున్నాం. సర్వర్‌లో ఏం జరిగినా జవాబు పైన స్టేటస్ కోడ్ 200 ఓకేనే పంపండి, పని కాకపోతే బాడీలో (జవాబు లోపలి భాగంలో) "సక్సెస్: ఫాల్స్" అని పెట్టి కారణం రాయండి, మిగతాది మేం చూసుకుంటాం అంటోంది యాప్ టీమ్. మేమేమో స్లాట్ ఈలోపు వేరేవాళ్లు తీసేసుకుంటే 409, లాగిన్ టోకెన్ గడువు తీరితే 401, మా వైపు పాడైతే 500 అంటున్నాం. సోమవారం మీటింగ్‌లో తేల్చాలి. ఏది కరెక్టో, ఎందుకో చెప్పండి.

పాతకాపు
ఇందులో చర్చించడానికేం లేదు. 200 అంటే అడిగిన పని అయిందని అర్థం. 4తో మొదలైతే అడిగినవాడి వైపు తేడా, 5తో మొదలైతే సర్వర్ వైపు తేడా. 2022లో వచ్చిన హెచ్‌టీటీపీ స్టాండర్డ్, ఆర్‌ఎఫ్‌సీ 9110 చదవండి, స్పష్టంగా ఉంది.

జవాబు చదివేది యాప్ ఒక్కటే అనుకోవడం దగ్గరే తప్పంతా. మధ్యలో రిక్వెస్టుల్ని సర్వర్లకి పంచే లోడ్ బ్యాలెన్సర్ ఉంటుంది, జవాబులు దాచుకుని మళ్లీ ఇచ్చే కాష్ ఉంటుంది, మానిటరింగ్ ఉంటుంది. అవేవీ మీ బాడీ తెరిచి చూడవు, పైనున్న మూడంకెలే చూస్తాయి. పాత కంపెనీలో మేం సర్వర్ ముందుండే ఎంజిన్‌ఎక్స్‌లో 200 జవాబులన్నీ పది నిమిషాలు కాష్ చేయమని పెట్టాం. ఓ రోజు డేటాబేస్ కాసేపు మొరాయించింది. "సర్వర్ బిజీ" అన్న మెసేజ్ 200తో బయటికెళ్లింది. ఎంజిన్‌ఎక్స్ దాన్ని మంచి జవాబే అనుకుని దాచుకుంది. డేటాబేస్ కోలుకున్నాక కూడా ధరల పేజీ తెరిచిన ప్రతివాడికీ "సర్వర్ బిజీ" అనే వెళ్లింది.

యాప్‌వాలా
పాతకాపు గారూ, మీరు యాప్ రాసి ఎన్నాళ్లయింది? రెట్రోఫిట్ లైబ్రరీలో 200 వరస కాని జవాబొస్తే బాడీ నల్ (ఖాళీ) వస్తుంది, అసలు సంగతి ఎర్రర్ బాడీలో వెతుక్కోవాలి. అందులో ఏముంటుందో దేవుడికే ఎరుక. ఒకడు "మెసేజ్" అని పంపుతాడు, ఇంకొకడు "ఎర్రర్" అని, ఇంకొకడు ఉత్త స్ట్రింగ్. 502 వస్తే హెచ్‌టీఎంఎల్ పేజీ. దాన్ని జేసన్ డేటా అనుకుని పార్స్ చేస్తే యాప్ క్రాష్. అన్నిటికీ ఒకే రూపంలో జవాబు కావాలంటున్నాం, అంతే. గ్రాఫ్‌క్యూఎల్ అనే ఏపీఐ పద్ధతి వాడేవాళ్లు చాలామంది 200తోనే ఎర్రర్లు పంపుతున్నారుగా, వాళ్లకేం ప్రళయం వచ్చింది?

ల్యాబ్_రిపోర్ట్
మా కాడ గూడ గిదే లొల్లి. ఫాలో అవుతున్న.

లాగ్స్_చూసేవాడు
యాప్‌వాలా భాయ్, ఆ 502 పేజీ బ్యాకెండ్ (సర్వర్ కోడ్) వాళ్లు రాసింది కాదు, వాళ్ల ముందున్న ఎంజిన్‌ఎక్స్ పంపింది. బ్యాకెండ్ ప్రాసెస్ చచ్చి పడుంటే "సక్సెస్: ఫాల్స్" ఎవరు రాస్తారు? మీరు 200 అడిగి తీసుకున్నా 502, 504 వస్తూనే ఉంటాయి. అంటే ఎలాగూ కోడ్ చూడాల్సిందే.

కోట్లిన్_కూకట్‌పల్లి
నేనూ యాప్ వైపే, అయినా నాకు కోడ్లే కావాలి. ఓకేహెచ్‌టీటీపీ లైబ్రరీలో అథెంటికేటర్ పెడితే 401 రాగానే అదే పిలుచుకుంటుంది, టోకెన్ తెచ్చి రిక్వెస్ట్ మళ్లీ పంపుతుంది. 200లో చుట్టి పంపితే ఇదంతా చేత్తో రాసుకోవాలి.

యాప్‌వాలా
సరే, ఒకటడుగుతా. ఒకామె ఇంతవరకూ ఒక్క బుకింగూ చేయలేదు. బుకింగుల లిస్టు తెరిచింది. మా బ్యాకెండ్ 404 పంపింది. స్క్రీన్ మీద ఎర్ర అక్షరాలతో "దొరకలేదు". తప్పు ఎవరిది? ఆమె ఏం చేసిందని?

పాతకాపు
అది రాసినవాడి తప్పు. లిస్టు ఉంది, ఖాళీగా ఉంది. 200 పంపి ఖాళీ లిస్టు ఇవ్వాలి. ఫలానా నంబరు బుకింగ్ చూపించు అని అడిగితే, అది లేకపోతే 404.

యాప్‌వాలా
చూశారా, మీలో మీకే కుదరదు. మీరు ఖాళీ లిస్టంటారు, మా వాడు 404 అంటాడు, ఇంకొకడు బాడీయే లేని 204 అంటాడు. ఈ తగాదా అంతా నా స్క్రీన్ మీద తేలుతుంది.

పాతకాపు
ఒకడు తప్పు రాశాడని పద్ధతే ఎత్తేస్తారా? ఇదీ మాట్లాడే తీరేనా?

అమీర్‌పేట్_బ్యాచ్
అన్నా, ఇంటర్వ్యూలో అడిగితే ఏం చెప్పాలి?

పాతకాపు
కోడ్లు అని చెప్పు తమ్ముడూ. కారణంతో సహా.

యాప్‌వాలా
తీరు గురించి మీరు చెప్పకండి. సంక్రాంతికి ఊరెళ్తూ పంతంగి టోల్ దగ్గర కారు పక్కకాపి, ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నవాణ్ని నేను. బ్యాకెండ్‌లో ఎవరో తప్పు ఇన్‌పుట్‌కి పంపే 400ని 422 చేశారు. "స్టాండర్డ్ ప్రకారం అదే కరెక్టు" అట. మాతో ఒక్క మాట అనలేదు. యాప్‌లో 400కే మెసేజ్ రాసుంది కాబట్టి పిన్‌కోడ్ తప్పు కొట్టిన ప్రతివాడికీ "ఏదో పొరపాటు జరిగింది" అని వచ్చింది. జనం అదే బటన్ నొక్కీ నొక్కీ వదిలేశారు. వాళ్లు వెనక్కి మార్చుకోవాలంటే ఒక్క లైను, ఐదు నిమిషాలు. నేను మార్చాలంటే కొత్త వెర్షన్, ప్లే స్టోర్ రివ్యూ, ఆపైన జనం అప్‌డేట్ చేసుకోవాలి. సగంమంది చేసుకోరు. టికెట్ మాత్రం నా పేరు మీద పడింది.

నాకు 200 మీద ప్రేమేం లేదు. చెప్పాపెట్టకుండా మార్చే వీలు మీ చేతుల్లోంచి తీసేయడానికే 200 అడుగుతున్నా.

పాతకాపు
ఈ మాట పొద్దున్నే అనాల్సింది. మీకు కావాల్సింది మాట తప్పని ఒప్పందం. అది న్యాయమే. దానికోసం మా కళ్లు ఎందుకు పొడుస్తారు? అన్నీ 200 అయితే రాత్రంతా బుకింగులు ఫెయిలవుతున్నా డ్యాష్‌బోర్డు పచ్చగానే ఉంటుంది, అలారం మోగదు. పొద్దున కస్టమర్ కేర్ వాళ్లు చెప్తేగానీ తెలియదు. పరగడుపున శాంపిల్ ఇద్దామని ఆరింటి నుంచి కూర్చున్న షుగర్ పేషెంట్ ఇంటికి మనిషి వెళ్లడు.

యాప్‌వాలా
ఒప్పందం రాసిస్తే పాటిస్తారా? ఏ రిక్వెస్టుకి ఏ జవాబో రాసిపెట్టే స్వాగర్ ఫైలు మాకూ ఉంది. ఎవడూ అప్‌డేట్ చేయడు.

లాగ్స్_చూసేవాడు
ఆ ఫైలుతో జవాబుల్ని పోల్చే టెస్టు పెట్టండి. తేడా వస్తే బిల్డ్ ఆగిపోవాలి. ఇక మనుషుల మంచితనం మీద ఆధారపడక్కర్లేదు.

కొండాపూర్_కోడర్
సోమవారం ఇలా పెడదామనుకుంటున్నా. కోడ్లు కోడ్లే. ఎర్రర్ బాడీ మాత్రం అన్నిచోట్లా దానికున్న స్టాండర్డ్, ఆర్‌ఎఫ్‌సీ 9457 రూపంలోనే, దాంతోపాటు మా సొంత కారణం కోడ్ ఒకటి, "స్లాట్_నిండింది" లాంటిది. యాప్ మెసేజ్ దాన్ని బట్టి చూపించాలి. ఉన్న కోడ్ మార్చాలంటే ఏపీఐ కొత్త వెర్షన్ వీ2లోనే. స్వాగర్ ఫైలు మారితే యాప్ టీమ్ ఒప్పుకోకుండా ఆ మార్పు అసలు కోడ్‌లో మెర్జ్ అవ్వదు.

బుకింగ్ చేసే పోస్ట్ రిక్వెస్టుకి యాప్ ఒక ప్రత్యేక కీ పంపాలి. లిఫ్టులో నెట్‌వర్క్ పోయి జవాబు అందకపోతే, బుక్ అయిందో లేదో యాప్‌కి తెలియదు. మళ్లీ పంపితే రెండు బుకింగులు పడతాయి. కీ ఉంటే సర్వర్ పాత జవాబే తిరిగి ఇస్తుంది.

కోట్లిన్_కూకట్‌పల్లి
రిట్రై చేసేటప్పుడు అదే కీ వెళ్లాలి. ప్రతిసారీ కొత్తది పుట్టిస్తే లాభం లేదు.

యాప్‌వాలా
ఇది బానే ఉంది. మరి వీ2 వచ్చాక వీ1 ఎన్నాళ్లు బతికి ఉంటుంది?

పాతకాపు
ఆరు నెలలు చాలు. రెండు వెర్షన్లు మోయడం ఎంత నరకమో మోసినవాడికి తెలుస్తుంది.

యాప్‌వాలా
అప్‌డేట్ చేసుకోని పెద్దవాళ్ల ఫోన్లలో పాత యాప్ ఆరు నెలల తర్వాత కూడా వీ1నే అడుగుతుంది. వాళ్లే మీరన్న షుగర్ పేషెంట్లు. కోడర్ భాయ్, తేదీ పెట్టి కాదు, వీ1కి రిక్వెస్టులు ఆగిపోయాకే తీస్తామని ఆ ఫైల్లో రాయించు. అది రాస్తే 200 సంగతి నేను వదిలేస్తా.

పాతకాపు
ఒక్కడు మిగిలినా మోయాలా? నేనొప్పుకోను. ఇది ఇక లేదని చెప్పే 410 పంపి, అప్‌డేట్ చేసుకోమని చూపించండి.

యాప్‌వాలా
పాత యాప్‌లో 410కి ఏం చేయాలో ఎవరు రాశారండీ?