93 మియాటా సీట్లు విప్పాలి, పాత కవర్లు చిరగకుండా ఎలా?

ఎర్రమియాటా:
అందరికీ నమస్కారం. నా దగ్గర 1993 మాజ్దా మియాటా ఉంది, టాప్ మడిచేసే రెండు సీట్ల చిన్న కారు, 1.6 ఇంజిన్. డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటాం. ఇక్కడి ఎండకి సీటు కవర్లు పెళుసెక్కిపోయాయి. డ్రైవర్ సీటు ఎడమ అంచు, దిగేటప్పుడల్లా ఒరుసుకునే చోట, చిరిగి ఫోమ్ పొడిపొడిగా రాలుతోంది.

రెడీమేడ్ కవర్లు దొరుకుతాయి. కానీ వచ్చే నెల మా నాన్న వస్తున్నారు. విజయవాడ ఆటోనగర్‌లో 30 ఏళ్ళు లారీలకీ కార్లకీ సీట్లు కుట్టారు. ఫోన్లో చెప్పగానే, "నేనుండగా కొనడమెందుకురా? సీట్లు విప్పి ఉంచు. పాత కవరు మాత్రం చింపకు, అదే నాకు కొలత" అన్నారు.

ఆయిల్ మార్చడం, బ్రేక్ ప్యాడ్లు వేయడం వచ్చు. సీటు ఎప్పుడూ విప్పలేదు. వెనక బోల్టులకి బాగా తుప్పు పట్టింది. ఎయిర్‌బ్యాగ్ గురించి కూడా టెన్షన్‌గా ఉంది. చేసినవాళ్ళు చెప్పండి.

పాతబోల్టు:
తమ్ముడూ, ఇదే మోడల్‌కి రెండుసార్లు విప్పాను. సీటుకి నాలుగే బోల్టులు, 14 నంబరు పానా పడుతుంది. సీటు పూర్తిగా వెనక్కి జరిపితే ముందు రెండూ కనిపిస్తాయి, ముందుకి జరిపితే వెనక రెండూ.

తుప్పు బోల్టు మీద ఒకేసారి బలం చూపించకు. ముందు రోజు రాత్రి తుప్పు వదిలించే నూనె స్ప్రే చెయ్యి, పొద్దున మళ్ళీ చెయ్యి. పొడుగు రాడ్‌తో కొంచెం బిగించే వైపు, కొంచెం వదులు చేసే వైపు తిప్పుతూ రా. కరకరమంటే ఆగి మళ్ళీ నూనె వెయ్యి.

ఆ తుప్పు ఎందుకొచ్చిందో కూడా చూడు. టాప్ మీద పడ్డ వాన సీట్ల వెనక రెండు పక్కలా ఉన్న రంధ్రాల గుండా కిందికి పోవాలి. ఆకులూ మట్టీ అడ్డుపడితే నీళ్ళు కార్పెట్ లోకి దిగుతాయి. గట్టి ఇనుప తీగతో పొడవకు, లోపలి గొట్టం ఊడొచ్చు. వంగే ప్లాస్టిక్ తీగ వాడు.

బోల్టులు వచ్చేశాక గబుక్కున ఎత్తొద్దు. సీటు వెనక్కి వాల్చి కింద చూడు. హెడ్‌రెస్ట్ స్పీకర్ల వైరుంటుంది, డ్రైవర్ వైపు బెల్టు వైరు కూడా. వాటిని ఊడదీశాకే ఎత్తాలి. కారు గుమ్మం మీద పాత తువ్వాలు పరుచు, సీటు కింది పట్టాల అంచు పెయింట్ గీస్తుంది. మళ్ళీ పెట్టేటప్పుడు నాలుగు బోల్టులూ ముందు చేత్తోనే పట్టించు, ఆ తర్వాతే పానా.

కవరు ఫోమ్‌ని పట్టుకుని ఉండేది చిన్న ఇనుప రింగులతో. వాటిని లాగితే గుడ్డ చిరుగుతుంది. కటింగ్ ప్లయర్‌తో ఒక్కొక్కటీ కత్తిరించు. కవరు గొట్టం లాంటి మడతల్లో దూర్చిన తీగలు పారెయ్యకు, కొత్త కవరుకీ అవే కావాలి.

నీలిరోడ్‌స్టర్:
ఎయిర్‌బ్యాగ్ గురించి: 93 కారు సీట్లలో ఎయిర్‌బ్యాగ్ లేదు, స్టీరింగ్‌లో మాత్రమే ఉంది. అయినా బ్యాటరీ నెగటివ్ వైరు తీసెయ్యండి. మీ కారులో బ్యాటరీ డిక్కీలో కుడి పక్కన ఉంటుంది.

2006 నుంచి వచ్చిన మూడో తరం మియాటా ఉన్నవాళ్ళు మాత్రం ఇది చదివి మొదలుపెట్టకండి. ఆ సీటు పక్కలోనే ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది, పేలినప్పుడు కవరు కుట్టు చీల్చుకుని బయటికి రావాలి. మామూలు దారంతో గట్టిగా కుడితే ప్రాణం మీదికి వస్తుంది.

ఎర్రమియాటా:
అన్నా, డ్రైవర్ సీటు పూర్తయింది. ఒక వెనక బోల్టుకి రెండు రాత్రులు నూనె పట్టించాల్సి వచ్చింది, చివరికి విరగకుండా వచ్చింది.

నాన్న గ్యారేజీలో పేపర్లు పరుచుకుని కూర్చుని, బ్లేడుతో పాత కుట్లన్నీ విప్పారు. విప్పే ముందే ప్రతి ముక్కకీ సుద్దతో నంబరు వేసి, రెండు ముక్కలు కలిసే చోట చిన్న గాట్లు పెట్టారు. చిరిగిన ఎడమ ముక్కని నేను కొలతకి తీస్తుంటే ఆపారు. "రోజూ ఒరుసుకుని సాగిపోయింది, దాని మాట నమ్మకు" అని, బాగున్న కుడి ముక్కని తిరగేసి గీశారు. నాకైతే ఆ ఆలోచన వచ్చేదే కాదు.

అంచులో పాడైన ఫోమ్ కోసి కొత్తది అతికించాం. మా ఇంటి మిషన్ నాలుగు పొరల రెగ్జిన్ మీద సూది విరిచేసింది. దగ్గర్లో సోఫాలు కుట్టే ఆయన్ని అడిగితే తన పెద్ద మిషన్ వాడుకోనిచ్చారు. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. నాన్న కుట్టు చూసి ఆయన తన టీ పక్కన పెట్టి వచ్చి నిలబడ్డారు.

ప్యాసింజర్ సీటు శనివారం విప్పుతాం. నీళ్ళ రంధ్రాల్లోంచి గుప్పెడు ఆకులు వచ్చాయి. నిన్న వానకి కార్పెట్ పొడిగానే ఉంది.