మా వీధిలో బ్లేడ్ బ్యాచ్ గొడవలు. మున్సిపాలిటీ, పోలీసులు కలిస్తే తగ్గుతాయా?

కుట్టుమిషన్_అక్క:

నమస్కారం అందరికీ. మాది ఆంధ్రాలో ఒక మున్సిపాలిటీ ఊరు, పేరు రాయను, రాస్తే వీధి కూడా తెలిసిపోతుంది. ఇంట్లోనే కుట్టుపని చేస్తాను, మిషన్ కిటికీ పక్కనే ఉంటుంది, అందుకని బయట ఏ గొడవ జరిగినా ముందు నా కంటే పడుతుంది. రెండేళ్లుగా మా దగ్గర రెండు బ్యాచ్‌లు తయారయ్యాయి, కాలువగట్టు వాళ్లు ఒకటి, మార్కెట్ యార్డు వెనక క్వార్టర్స్ వాళ్లు ఒకటి. ఎక్కువమంది పదహారు, పదిహేడేళ్ల పిల్లలే, వాళ్లలో కొందరికి స్కూల్ యూనిఫాం కుట్టింది నేనే. మొదట్లో బైకుల మీద కేకలు, వాట్సాప్ స్టేటస్‌లో ఒకరినొకరు తిట్టుకోవడం, ఆ తర్వాత గంజాయి, ఇప్పుడు బ్లేడ్లు.

పోయిన నెల ఎదురింటి పిల్లాడికి ముంజేతి మీద పద్నాలుగు కుట్లు పడ్డాయి. పరిగెత్తుకొచ్చి మా గుమ్మంలోనే కూలబడ్డాడు. మిషన్ మీదున్న లంగా గుడ్డ లాగి చేతికి చుట్టాను, అది తడిసి నేల మీదకి కారుతుంటే వాళ్లమ్మకి వాడి పేరు తప్ప ఇంకో మాట రాలేదు.

పోలీసులు వచ్చి నలుగురిని తీసుకెళ్లారు. మర్నాడు సాయంత్రానికి నలుగురూ మళ్లీ టీ బంకు దగ్గరే. పాత వాటర్ ట్యాంకు దగ్గర లైటు ఐదు నెలలుగా వెలగట్లేదు, గొడవలన్నీ ఆ చీకట్లోనే. మున్సిపల్ ఆఫీసుకి వెళితే రౌడీల గొడవ పోలీసులు చూసుకోవాలన్నారు, స్టేషన్‌కి వెళితే లైట్ల సంగతి మున్సిపాలిటీని అడగమన్నారు.

ఈ ఇద్దరూ ఒకచోట కూర్చుని పనిచేస్తే ఏమన్నా మారుతుందా? ఎక్కడైనా మారిందా? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

పాత_ఖాకీ:

అమ్మా, నేను ఏఎస్‌ఐగా రిటైరయ్యాను, సర్వీసులో సగం ఇలాంటి బ్యాచ్‌ల వెనక తిరగడంతోనే గడిచిపోయింది. స్టేషన్ చేతిలో ఏముంటుందో ముందు చెబుతా. పెద్దవాళ్లయితే బైండోవర్ చేస్తాం. పాత చట్టంలో 107, 110 సెక్షన్లు, 2024 జులై నుంచి కొత్త చట్టంలో 126, 129. తహసీల్దార్ ముందు హాజరుపరిచి, గొడవ చేయనని బాండ్ రాయిస్తారు, 126 కింద ఏడాది వరకు, 129 కింద మూడేళ్ల వరకు. బాండ్ తప్పితే ఆ డబ్బు కట్టాలి, జైలుకి కూడా పంపొచ్చు. చాలా ఊళ్లలో రాయించడమే తప్ప తప్పినవాడి మీద అమలు చేసేది తక్కువ, ఆ సంగతి కుర్రాళ్లకీ తెలుసు.

పద్దెనిమిది లోపు పిల్లలకి ఇవేవీ పనికిరావు, వాళ్లది జువెనైల్ బోర్డు దారి. ప్రతి స్టేషన్‌లో పిల్లల కోసం ఒక చైల్డ్ వెల్ఫేర్ పోలీసు ఆఫీసర్ ఉండాలి. మీ స్టేషన్‌లో ఆయనెవరో అడిగి ఆయనతోనే మాట్లాడండి.

నేను చూసిన అసలు లోపం ఒకటుంది. మేం పట్టుకునేది గొడవ జరిగాక. గొడవకి ముందు ఆ పిల్లాడు స్కూలు ఎప్పుడు మానేశాడో టీచరుకి తెలుసు, ఇంట్లో తాగుడు ఎంతుందో ఆశా కార్యకర్తకి తెలుసు, ఏ సందు చీకటో వార్డు సచివాలయానికి తెలుసు. వీళ్లెవరూ మాతో ఒక బల్ల దగ్గర కూర్చోలేదు, మేమూ పిలవలేదు. పిలిచి ఉంటే నా కళ్ల ముందే పోయిన ముగ్గురు కుర్రాళ్లలో ఒక్కడైనా బతికేవాడేమో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

గోదారి_గాలి:

ఇవన్నీ చెప్పుకోవడానికి బాగుంటాయి సార్. పీడీ యాక్ట్ పెట్టి ఏడాది లోపలేయండి, వీధి దానంతటదే ప్రశాంతంగా ఉంటుంది. మా ఏరియాలో ఇద్దరి మీద పెట్టారు, ఆ ఏడాది నిజంగానే ప్రశాంతంగా ఉంది.

పాత_ఖాకీ:

తమ్ముడూ, ముదిరిన వాళ్లకి అది కావాలి, కాదనను. మరి ఆ ఏడాది అయిపోయాక ఏం జరిగిందో కూడా రాయి. పైగా అక్క చెబుతున్నది పదహారేళ్ల పిల్లల గురించి.

స్టీరింగ్_సీను:

అక్కా, అటువైపు నుంచి చెప్పేవాడు ఒక్కడైనా ఉండాలని రాస్తున్నా. నేనూ ఒక బ్యాచ్‌లో తిరిగినవాణ్ణే, 2014లో నా మీద రౌడీ షీట్ తెరిచారు. ప్రతి ఆదివారం స్టేషన్‌కి వెళ్లి సంతకం పెట్టి, గంటసేపు గోడ పక్కన కూర్చుని రావాలి. మానేద్దామని ఎప్పుడో అనుకున్నా, కానీ మానేశానని ఎవరికి చెప్పాలి? అవతలి బ్యాచ్ నమ్మదు, వాళ్లు నన్ను ఎక్కడ చూసినా పాత లెక్కే. అందుకని జేబులో బ్లేడు తీయలేదు, భయంతోనే పెట్టుకు తిరిగాను. చాలామందికి అది పొగరు కాదక్కా, భయం. డెలివరీ ఉద్యోగానికి వెళితే పోలీస్ వెరిఫికేషన్ దగ్గర ఆగిపోయింది, రెండుసార్లు.

నన్ను బయటపడేసింది ఒక సీఐ గారు, పేరు రాయను. మా ఇద్దరి బ్యాచ్‌లనీ ఒకే రోజు, ఒకే హాల్లో, తల్లిదండ్రులతో సహా కూర్చోబెట్టారు. ఇక నుంచి ఎవరు ముందు చెయ్యెత్తితే ఆ బ్యాచ్ మొత్తాన్ని అడుగుతానన్నారు. ఆ మాట ఇద్దరం ఒకేసారి విన్నాం కాబట్టి ఇద్దరికీ ఆగడానికి ఒక సాకు దొరికింది. తర్వాత నాకు ఒక లారీ ఓనర్ దగ్గర క్లీనర్‌గా పని ఇప్పించారు. ఇప్పుడు హెవీ లైసెన్స్ ఉంది, సొంత స్టీరింగ్. వట్టి కౌన్సెలింగ్‌తో ఆగేవాణ్ణి కాదు, వట్టి లాఠీతోనూ ఆగలేదు.

క్లైడ్_ఒడ్డున:

సీను గారూ, మీరు చెప్పిన ఆ హాలు మీటింగ్ చదివి ఒళ్లు ఝల్లుమంది, ఎందుకంటే ఇక్కడ సరిగ్గా అదే చేశారు. మాది రాజమండ్రి, స్కాట్లాండ్‌లోని గ్లాస్గో నగరంలో నర్సుగా చేస్తున్నా.

2004-05లో స్కాట్లాండ్ మొత్తంలో 137 హత్యలు జరిగాయి, దేశ జనాభా యాభై లక్షలు మాత్రమే. వాటిలో చాలా భాగం గ్లాస్గో చుట్టుపక్కలే, ఎక్కువగా కత్తులతో. ఇక్కడివీ ఏరియా బ్యాచ్‌లే, ఒక వీధి కుర్రాడు పక్క వీధి దాటి సినిమాకి వెళ్లలేడు. 2005లో పోలీసులే ముందుకొచ్చి, అరెస్టులతో ఇది పోదు, ఇదొక అంటువ్యాధి లాంటిది అని ఒప్పుకుని దీనికోసమే ఒక ప్రత్యేక విభాగం పెట్టారు. దాన్ని మొదలుపెట్టిన ఇద్దరిలో జాన్ కార్నకన్ పోలీసు అధికారి, కేరిన్ మెక్‌క్లస్కీ మొదట్లో నర్సు, తర్వాత పోలీసు శాఖలో అనలిస్ట్.

2008లో నగరం తూర్పు వైపు బ్యాచ్‌ల కుర్రాళ్లని కోర్టు హాలుకి పిలిచారు, ఏ బ్యాచ్‌ని ఆ బ్యాచ్‌గా విడివిడిగా కూర్చోబెట్టారు. ముందు పోలీసు అధికారి లేచి ఇది ఇక్కడితో ఆగాలి అన్నాడు. ఒక సర్జన్ కత్తిగాట్ల గురించి చెప్పాడు. తర్వాత ఒక తల్లి లేచి తన కొడుక్కి ఏం జరిగిందో చెప్పింది. పోలీసు మాట్లాడుతున్నప్పుడు కాళ్లూపుతూ కూర్చున్న కుర్రాళ్లు ఆవిడ మాట్లాడుతుంటే తల దించుకున్నారని ఇక్కడివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. చివర్లో ఒక ఫోన్ నంబరు ఇచ్చారు, మానేయాలనుకుంటే ఫోన్ చేయండి అని. ఆ నంబరు వెనక చదువు, ఇల్లు, పని చూసే మనుషులు నిజంగా ఉన్నారు, నగర కౌన్సిల్ వాళ్లు, ఆరోగ్య శాఖ వాళ్లు. అదే అసలు సంగతి. వెనక ఎవరూ లేకుండా నంబరు మాత్రమే ఇచ్చి ఉంటే రెండో మీటింగ్‌కి ఒక్కడూ వచ్చేవాడు కాదు.

2015 నుంచి ఆసుపత్రి ఎమర్జెన్సీలో నావిగేటర్లని ఉంటారు, గులాబీ రంగు టీషర్టులు వేసుకుని. వాళ్లలో కొందరు ఒకప్పుడు ఆ జీవితం గడిపినవాళ్లే. కత్తిపోటుతో వచ్చిన కుర్రాడి మంచం పక్కన కూర్చుంటారు. కుట్లు వేస్తున్నప్పుడు ఆ పిల్లాడి మనసులో రెండే ఉంటాయి, ఎవరిని ఎప్పుడు కొట్టాలి, లేదా ఇక చాలు. ఆ కాసేపట్లో పక్కన ఎవరున్నారన్నది చాలా ముఖ్యం. మీ ఎదురింటి పిల్లాడికి కుట్లు వేసిన రాత్రి పక్కన ఎవరున్నారక్కా?

2022-23లో స్కాట్లాండ్ హత్యలు 52. ఈ పద్ధతి పుట్టింది అమెరికాలోని బోస్టన్‌లో, 1996లో. 1990లో 152 హత్యలు జరిగిన ఊళ్లో 1999 నాటికి 31. అక్కడ వీధుల్లో కుర్రాళ్లతో తిరిగినవాళ్లలో నగరపాలక సంస్థ జీతం ఇచ్చే ఉద్యోగులు కూడా ఉన్నారు. 2000 తర్వాత ఆ జట్టు చెదిరిపోయింది, హత్యలు మళ్లీ పెరిగాయి. కాబట్టి ఒక్కసారి మీటింగ్ పెట్టి ఫొటో దిగితే సరిపోదు.

వార్డు_ఎమినిటీస్:

అక్కా, నేను ఒక వార్డు సచివాలయంలో ఎమినిటీస్ సెక్రటరీని, అంటే వీధి లైట్లు, నీళ్లు లాంటివి చూసేవాణ్ణి, మీ ఊరు కాదు. లైటు పోయిందని నోటితో చెబితే పని కాదు, స్తంభం మీద నంబరు ఉంటుంది, అది రాసి, రాత్రి పూట ఫొటో తీసి ఫిర్యాదు పెట్టండి, రసీదు నంబరు దాచుకోండి. అదే కాగితంలో ఈ చోట గొడవలు జరుగుతున్నాయి అని ఒక్క వాక్యం రాయండి, అప్పుడు ఆ ఫైలు ఆపడానికి ఎవరైనా ఆలోచిస్తారు. ట్యాంకు చుట్టూ తుప్పలుంటే అవి కొట్టించడం మా శానిటేషన్ పనే. సచివాలయంలో మహిళా పోలీసు ఉంటారు, స్టేషన్‌కీ మాకూ మధ్య మనిషి ఆవిడే, అడగండి. మీ వీధిలో డ్వాక్రా గ్రూపు ఉంటే ఆ గ్రూపుల పని చూసే మెప్మా ఆర్పీని కూడా కలపండి, తల్లులంతా ఒక గంటలో పోగవుతారు.

సోమవారం గ్రీవెన్స్‌కి ఒకే అర్జీ రెండు కాపీలు చేయండి. ఒకటి కలెక్టరేట్‌లో, ఒకటి ఎస్పీ ఆఫీసులో. ఒకదాని మీద రెండోది ఎవరికిచ్చారో రాయండి. అప్పుడు ఇది మా పని కాదు అనడం కష్టం. గంజాయి సంగతి మాత్రం అర్జీలో పేర్లతో రాయకండి, 1972కి ఫోన్ చేసి చెప్పండి, గంజాయిని అరికట్టే పోలీసు విభాగం ఈగల్ వాళ్ల నంబరు, చెప్పినవాళ్ల వివరాలు బయటపెట్టరు.

కుట్టుమిషన్_అక్క:

ఇంతమంది ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు. క్లైడ్ ఒడ్డున తల్లీ, నువ్వు అడిగిన దానికి జవాబు, ఆ రాత్రి వాడి పక్కన ఉన్నది వాడి బ్యాచ్ వాళ్లే, ఆరుగురు, వార్డు బయట మెట్ల మీద తెల్లారేదాకా కూర్చున్నారు. నేనూ వాళ్లమ్మా భయపడి వాళ్లతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

నిన్న స్తంభం నంబరు రాసుకున్నాను, టార్చి వేసి చూస్తే గానీ కనబడలేదు. అర్జీ మీద ఇప్పటికి ముప్పై ఒక్క సంతకాలయ్యాయి. క్వార్టర్స్ వైపు వెళ్లి అడిగితే మొదట తలుపు తీయలేదు, తర్వాత ఒకావిడ తీసింది. ఆవిడ కొడుకే మా ఎదురింటి పిల్లాణ్ణి కోశాడని నాకు తెలుసు, ఆవిడకీ తెలుసు. సంతకం పెట్టి, మీటింగ్ పెడితే నన్నూ పిలవండి, నేను మాట్లాడతాను అంది. సీను తమ్ముడూ, ఒకవేళ డీఎస్పీ గారు ఒప్పుకుంటే నువ్వు ఒక ఆదివారం వచ్చి మాట్లాడగలవా? బస్సు చార్జీ మేం ఇస్తాం, భోజనం మా ఇంట్లో.

స్టీరింగ్_సీను:

చార్జీ వద్దక్కా. తేదీ చెప్పండి, ఆ రోజు ట్రిప్పు ఎత్తను.