ఆర్బిటర్‌లో కక్ష్య లెక్కలు ఎక్కడ చూడాలి? ఎత్తు, వంపు రెండూ తేడాగా కనిపిస్తున్నాయి

అలిపిరి_మెట్లు:
అందరికీ నమస్తే. మాది తిరుపతి. రాత్రిపూట శ్రీహరికోట ప్రయోగం ఉంటే మేడ మీదకెక్కి చూసే అలవాటు చిన్నప్పటి నుంచీ ఉంది, అందుకే ఆర్బిటర్ అనే అంతరిక్ష ప్రయాణాల కంప్యూటర్ ఆట మొదలుపెట్టాను. సినారియో ఎడిటర్‌లో 13.7 ఉత్తరం, 80.2 తూర్పు అని ఇచ్చి ఆటలోని డెల్టా గ్లైడర్ అనే నౌకని మన షార్ (శ్రీహరికోట ప్రయోగ కేంద్రం) దగ్గర నిలబెట్టి, నేరుగా తూర్పుకి లేపాను. నాలుగు రోజులు కింద పడి పడి నిన్న రాత్రి కక్ష్యలోకి చేరింది, సుమారు 200 కిలోమీటర్ల ఎత్తులో. కానీ ఆర్బిట్ ఎంఎఫ్‌డీలో (కక్ష్య వివరాలు చూపే తెర) పెరిజీ, అంటే కక్ష్యలో భూమికి అతి దగ్గరి చోటు, దగ్గర 6.571 ఎం అని ఉంది, కక్ష్య తలం వంపు 31 డిగ్రీలు అని ఉంది. తూర్పుకి వెళ్తే వంపు లేచిన చోటి అక్షాంశం 13.7 దగ్గరే రావాలి కదా? వేగం కూడా సెకనుకి ఒక తెరలో 7.79 కిలోమీటర్లు, ఇంకో తెరలో 7.32. కాలేజీ సెమినార్‌లో ఈ ప్రయాణం గ్రాఫ్ గీసి చూపించాలి, ఏ అంకె నమ్మాలో తెలియక టెన్షన్‌గా ఉంది. అసలైన కక్ష్య లెక్కలు ఎక్కడ దొరుకుతాయో చెప్పండి.

చిత్తూరు_బేనీషా:
తమ్ముడూ, మొదటిసారి కక్ష్య చేరావు, ముందు అభినందనలు. నీ అంకెలన్నీ సరైనవే, ఎక్కడి నుంచి కొలుస్తున్నారు అన్నదే తేడా. 6.571 ఎం అంటే 65.71 లక్షల మీటర్లు, భూమి కేంద్రం నుంచి. అందులో భూమి వ్యాసార్ధం 6371 కిలోమీటర్లు తీసేస్తే నీ 200 వచ్చేస్తుంది. ప్రతిసారీ తీసివేతలు చెయ్యక్కర్లేదు, ఎంఎఫ్‌డీ పక్కన డీఎస్‌టీ అని బటన్ ఉంటుంది, నొక్కితే పెరిజీ, అపోజీ (అతి దూరపు చోటు) రెండూ నేల మీది ఎత్తుగా మారతాయి.

వంపు సంగతి ఇంకా ముఖ్యం. పైన ఫ్రేమ్ (దేనితో పోల్చి కొలుస్తున్నారో ఆ ఆధారం) ఈసీఎల్ అని ఉందా చూడు. అది భూమి సూర్యుడి చుట్టూ తిరిగే తలం, మన భూమధ్యరేఖకి 23.4 డిగ్రీలు వాలి ఉంటుంది. దానితో పోల్చి కొలిస్తే నీ 13.7 డిగ్రీల కక్ష్య నువ్వు ఏ వేళకి లేచావన్న దాన్నిబట్టి 9.7 నుంచి 37.1 దాకా ఎంతైనా కనిపిస్తుంది. రెండు గంటలు ఆగి అదే రాకెట్‌ని అలాగే లేపు, వేరే అంకె వస్తుంది. ఎఫ్‌ఆర్‌ఎం బటన్ నొక్కి ఈక్యూయూకి మార్చు, అప్పుడు భూమధ్యరేఖతో కొలుస్తుంది. ఇస్రో వాళ్ళు వంపు ఇన్ని డిగ్రీలు అని చెప్పేది ఈ లెక్కలోనే. నేను దీన్ని పట్టుకోలేక వారం రోజులు నా పైలటింగే తప్పనుకుని మళ్ళీ మళ్ళీ ఎగరేశాను, నీకు ఆ కష్టం వద్దు.

గాదంకి_గాలి:
వేగం గురించి నేను చెప్తాను. 7.79 అనేది ఆర్బిట్ ఎంఎఫ్‌డీది, భూమి తిరగడాన్ని పట్టించుకోదు. 7.32 సర్ఫేస్ ఎంఎఫ్‌డీది, కింద నేల కూడా తూర్పుకే జరుగుతోంది కాబట్టి దానితో పోలిస్తే సెకనుకి దాదాపు 470 మీటర్లు తక్కువ. కక్ష్య లెక్కలకి మొదటిదే వాడండి.

గ్రాఫ్ కోసం తెర చూస్తూ కాగితం మీద రాసుకోకండి. లేచే ముందు కంట్రోల్ ఎఫ్5 నొక్కి ఫ్లైట్ రికార్డర్ ఆన్ చెయ్యండి. ఆట ఫోల్డర్లో ఫ్లైట్స్ అని ఉంటుంది, దాంట్లో పీఓఎస్ ఫైల్ మామూలు టెక్స్టే, కాలం, స్థానం, వేగం వరసగా ఉంటాయి, ఎక్సెల్‌లోకి లాగేయొచ్చు. పైన రెండు మూడు వరసల్లో ఏ ఫ్రేమ్ అన్నది రాసి ఉంటుంది, అది చదవకుండా గీస్తే మళ్ళీ ఇదే గొడవ. దూరం కేంద్రం నుంచే ఉంటుంది, 6371 తీసెయ్యడం మర్చిపోవద్దు.

అలిపిరి_మెట్లు:
ఇద్దరికీ చాలా థాంక్స్ అన్నా. ఈక్యూయూ పెట్టగానే 13.9 వచ్చింది! అరవకుండా ఉండలేకపోయాను, అమ్మ లేచి వచ్చి ఏమైంది అని అడిగింది. ఇంకొకటి, పీఎస్‌ఎల్‌వీలా 98 డిగ్రీలకి వెళ్ళాలంటే షార్ నుంచి నేరుగా దక్షిణానికి తిప్పేస్తే సరిపోతుందా?

చిత్తూరు_బేనీషా:
నేరుగా దక్షిణానికైతే 90 దగ్గరే వస్తుంది, 98 కావాలంటే దక్షిణం నుంచి కొంచెం పడమరకి తిప్పాలి; ఆటలో ఎవరూ ఆపరు. నిజంలో అలా వెళ్తే దారిలో శ్రీలంక ఉంది. అందుకే పీఎస్‌ఎల్‌వీ ముందు ఆగ్నేయానికి, అంటే ఉత్తరం నుంచి కుడివైపుగా కొలిస్తే 140 డిగ్రీల దిశలో వెళ్ళి, శ్రీలంకని తప్పించాక దక్షిణానికి మళ్ళుతుంది. ఆ మలుపుకి ఇంధనం బాగా ఖర్చు. చిన్న రాకెట్లకి ఆ ఖర్చు భరించడం కష్టం కాబట్టే తమిళనాడులో కులశేఖరపట్నం దగ్గర కొత్త ప్రయోగ కేంద్రం కడుతున్నారు, అక్కడి నుంచైతే నేరుగా దక్షిణానికి పోవచ్చు. నువ్వు రెండు రకాలుగానూ ఎగరేసి మిగిలిన ఇంధనం ఎంతో పక్కపక్కన గీసి చూపించు, సెమినార్‌కి అంతకంటే మంచి గ్రాఫ్ ఉండదు. ఫైళ్ళు ఇక్కడ పెడితే నేనూ చూస్తాను.