తాగి బండి నడపడం, తాగి కొట్లాటలు: బయటి దేశాల పద్ధతుల్లో పరకాల, ములుగు రోడ్లకు ఏవి పనికొస్తయి?

పరకాల_రోడ్డు:
మండలంలోని యువజన సంఘాలు కలిసి పోలీసు కమిషనరేట్‌కు వినతిపత్రం ఇవ్వాలనుకుంటున్నయి. "జరిమానా పెంచండి" అని రాస్తే ఫాయిదా ఉంటదా? వేరే దేశాల్లో ఏం చేస్తే నిజంగా తగ్గిందో తెలిసినోళ్లు చెప్పండి. ఇంకోటి: రాత్రి దావత్‌ల తాగి పొద్దున బండి తీస్తే కూడా దొరుకుతరా?

చౌరస్తా:
జరిమానా ఊసెత్తకండి. మోటారు వాహనాల చట్టానికి 2019లో వచ్చిన సవరణతో 185 సెక్షన్ కింద మొదటిసారికి 10,000 జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, లేదంటే రెండూ. రెండోసారికి 15,000 లేదా రెండేళ్ల దాకా జైలు, లేదంటే రెండూ. పరిమితి కూడా మనది గట్టిదే: 100 మి.లీ. రక్తంలో 30 మి.గ్రా. ఆల్కహాల్. ఇంగ్లండ్‌లో నేటికీ 80. మన దగ్గర లోటల్లా దొరుకుతామన్న భయం లేకపోవడమే.

1967లో బ్రిటన్ బ్రీత్ టెస్టు చట్టం తెచ్చినప్పుడు మొదట్లో చావులు బాగా తగ్గాయి. పట్టుకునేది తక్కువేనని జనానికి అర్థమయ్యాక ఆ ఫలితం పలచబడింది. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ 1982 డిసెంబర్ 17న ఇంకో దారి పట్టింది. అనుమానంతో పనిలేదు, ఆపిన ప్రతి డ్రైవర్‌తోనూ ఊదిస్తారు. తనిఖీ అందరికీ కనబడాలి, రేపు ఎక్కడ ఉంటుందో ఎవరికీ తెలియకూడదు. అక్కడి తగ్గుదల ఏళ్ల తరబడి నిలిచింది.

మన దగ్గర అదే జంక్షన్, అదే టైం. బారికేడ్ పెట్టిన పది నిమిషాల్లో వాట్సాప్ గ్రూపుల్లో కబురు, బండ్లన్నీ పక్క సందుల్లోకి. కాబట్టి మూడు అడగండి: అరగంట, ముప్పావుగంటకోసారి చోటు మార్చాలి, తప్పించుకునే సందు చివర ఇద్దరు ఉండాలి, సిటీ బయట ఊర్ల రోడ్ల మీద, ఆదివారాలు మధ్యాహ్నం పూట, పెళ్లిళ్ల సీజన్లో కూడా తనిఖీ ఉండాలి. ఒక్క తేడా గుర్తుంచుకోండి. మన 203 సెక్షన్ ప్రకారం టెస్టు అడగాలంటే పోలీసుకు తగిన అనుమానం ఉండాలి. ఆస్ట్రేలియా తరహా అధికారం కావాలంటే చట్టమే మారాలి, అది కమిషనర్ చేతిలో లేదు.

మిల్లీగ్రాము:
పొద్దుటి సంగతికి లెక్క ఉంది. 42.8 శాతం విస్కీ క్వార్టర్, అంటే 180 మి.లీ.లో సుమారు 61 గ్రాముల ఆల్కహాల్. 70 కిలోల మగమనిషి 100 మి.లీ. రక్తంలో అది దాదాపు 130 మి.గ్రా. దాకా తెస్తుంది. శరీరం గంటకు సుమారు 15 మి.గ్రా. (మనిషిని బట్టి 10 నుంచి 20) చొప్పున దించుతుంది. అంటే తాగడం మొదలుపెట్టినప్పటి నుంచి 30కి దిగడానికి ఆరున్నర గంటలు పైనే. హాఫ్, అంటే 375 మి.లీ. కొడితే దాదాపు పదహారు. రాత్రి 9కి హాఫ్ మొదలుపెట్టినవాడు మర్నాడు మధ్యాహ్నం ఒంటిగంట దాటేదాకా బండి ముట్టుకోవద్దు. 8 శాతం స్ట్రాంగ్ బీరు, 650 మి.లీ. ఒక్క సీసాకే నాలుగు గంటలు. సన్నగా ఉన్నవాళ్లకు, ఆడవాళ్లకు ఇంకా ఎక్కువ. మజ్జిగ, నిమ్మరసం, చన్నీళ్ల స్నానం ఈ వేగాన్ని రవ్వంత కూడా పెంచవు.

కల్లుకు ఈ లెక్క పనికిరాదు. దించి ఎన్ని గంటలైందన్న దాన్ని బట్టి దాని బలం మారుతుంది. కల్తీ కల్లులో కలిపే అల్ప్రాజోలం, డయజిపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులను బ్రీత్ ఎనలైజర్ అసలు పట్టదు. మనిషి తూలుతున్నా రీడింగ్ తక్కువ వస్తే రక్త పరీక్షకు పంపాలి. మీ పత్రంలో ఇది తప్పక రాయండి, ఉత్తర తెలంగాణలో ఇది పెద్ద ముప్పు.

మిషన్ దగ్గర: ప్రతి మనిషికీ కొత్త పైపు, ఊదే ముందు సున్నా చూపించడం, ప్రింట్ స్లిప్. అప్పుడే తాగినా, మౌత్‌వాష్ పుక్కిలించినా నోట్లోని ఆల్కహాల్ వల్ల రీడింగ్ ఎక్కువ వస్తుంది. 15 నిమిషాలు ఆగి మళ్లీ ఊదించమని అడగొచ్చు.

ఊరి_కచేరి:
కొట్లాటల సంగతి వేరే. అది అమ్మే టైంతో ముడిపడి ఉంటది. బ్రెజిల్‌లోని డయాడెమా పట్టణంల 2002ల బార్లు రాత్రి 11కే మూయాలని చట్టం తెచ్చిన్రు. నెలకు దాదాపు 9 హత్యలు తగ్గినయని తర్వాత అధ్యయనంల తేలింది. ఆస్ట్రేలియాలోని న్యూకాసిల్ల 2008ల పబ్బుల మూసే టైం ముందుకు జరిపితే రాత్రిపూట దాడులు మూడోవంతు పైనే తగ్గినయి.

మన ఊర్లల్ల వైన్స్ టైంకు మూసినా బెల్టు షాపు అర్ధరాత్రి కూడా తలుపు తీస్తది. కిరాణా దుకాణం వెనక రూంల, ఫ్రిజ్‌ల క్వార్టర్లు. అదుండంగ మూసే టైంకు విలువ లేదు. వట్టిగ "బెల్టు షాపులు మూయించండి" అంటే దాడి చేసి నాలుగు సీసాలు పట్టుకపోతరు, వారానికి మళ్ల మొదలు. సరుకు ఏ లైసెన్స్ షాపు నుంచి వస్తున్నదో ఆ షాపు మీద చర్య అడుగుండ్రి. సీసా లేబుల్ మీది హోలోగ్రాం నంబరు ఫొటో తీసి ఎక్సైజ్ స్టేషన్‌ల ఇయ్యుండ్రి.

మళ్ల మళ్ల దొరికేటోళ్లకు అమెరికాల సౌత్ డకోటా 2005ల ఒక పద్ధతి పెట్టింది: రోజుకు రెండుసార్లు వచ్చి ఊదాలె, తాగినట్టు తేలితే అప్పుడే ఒకటి రెండు రోజుల జైలు. శిక్ష చిన్నదే, కానీ ఆలస్యం లేదు. రెండోసారి దొరికే కేసులు 12 శాతం, ఇంట్ల ఆడోళ్లను కొట్టిన కేసుల అరెస్టులు 9 శాతం తగ్గినయి. నా మట్టుకు ఇదే అన్నిటికంటే ముఖ్యం.

పరకాల_రోడ్డు:
మస్తు థాంక్స్. దొరికినోని బండి పోలీసులు గుంజుకోవచ్చా? ఊర్ల అందరు అడిగేది ఇదే.

చౌరస్తా:
2021 నవంబర్‌లో తెలంగాణ హైకోర్టు స్పష్టంగా చెప్పింది. పక్కన తాగనివాళ్లు, లైసెన్స్ ఉన్నవాళ్లు ఉంటే బండి వాళ్లకు ఇవ్వాలి. లేకపోతే ఇంటివాళ్లకో దోస్తుకో ఫోన్ చేసి పిలిపించాలి. ఎవరూ రాకపోతేనే స్టేషన్‌లో పెట్టాలి. తాగినవాడి చేతికి మాత్రం తాళం ఇవ్వకూడదు. దావత్‌కు పోయేవాళ్లు తాగనివాడి నంబర్ ఒకటి దగ్గర పెట్టుకుంటే చాలు.