వింగర్ తొలి ఆల్బమ్‌కు అన్యాయం జరిగిందా?

తీగలమోత:
అమెరికన్ రాక్ బృందం వింగర్ 1988లో తెచ్చిన తొలి ఆల్బమ్‌ను చాలా ఏళ్ల తర్వాత మొదటి పాట నుంచి చివరి పాట దాకా మళ్లీ విన్నాను. జుట్టు పెంచి, మెరిసే దుస్తులు వేసి వాయించే ఆ గ్లామ్ మెటల్ పేరెత్తగానే అందరూ మోట్లీ క్రూ, పాయిజన్ అంటారు. వింగర్ పేరు వస్తే మాత్రం నవ్వుతారు. ఎందుకు నవ్వుతారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

తెలియనివారి కోసం నాలుగు ముక్కలు. గాయకుడు కిప్ వింగర్ అంతకుముందు రాక్ గాయకుడు ఆలిస్ కూపర్ దగ్గర బాస్ గిటార్ వాయించాడు. గిటార్ రెబ్ బీచ్, న్యూయార్క్ స్టూడియోల్లో ఇతరుల రికార్డులకు వాయించి చెయ్యి తిరిగినవాడు. డ్రమ్స్ రాడ్ మోర్గన్‌స్టీన్, డిక్సీ డ్రెగ్స్ నుంచి వచ్చాడు. గాయకుడి అవసరం లేకుండా వాద్యాలతోనే జాజ్‌నూ రాక్‌నూ కలిపి వాయించిన బృందం అది. కీబోర్డు పాల్ టేలర్. ఇలాంటి నలుగురు ఒకచోట చేరిన గ్లామ్ బృందం మరొకటి ఉంటే చూపించండి.

వీరికి దక్కింది ఏమిటి? ‘నథింగ్ ఎల్స్ మ్యాటర్స్’ వీడియోలో మెటాలికా డ్రమ్మర్ లార్స్ ఉల్రిక్ కిప్ పోస్టర్ మీదికి డార్టులు విసిరాడు. 1993లో మొదలైన ‘బీవిస్ అండ్ బట్‌హెడ్’ కార్టూన్‌లో అందరూ ఏడిపించే స్టువర్ట్ అనే పిల్లవాడికి వింగర్ చొక్కా తొడిగారు. అంతే, తర్వాత సంగీతం గురించి ఎవరూ మాట్లాడలేదు.

నల్లచొక్కా:
పది లక్షలకు పైగా అమ్ముడై ప్లాటినం అందుకున్న ఆల్బమ్ అది. బిల్‌బోర్డ్ పట్టికలో 21వ స్థానం దాకా వెళ్లింది. దానికి అన్యాయం జరిగిందని కన్నీళ్లు పెట్టుకోవడం వింతగా ఉంది. అన్యాయం అంటే అసలు ఎవరూ వినకపోవడం.

పాతక్యాసెట్:
అట్ట మీద ఒక మూల ‘సహారా’ అని ఉంటుంది, గమనించారా? బృందానికి మొదట అనుకున్న పేరు అదే. ఆ పేరే ఉంచుకుని ఉంటే ఇంత గొడవ లేకపోను. కిప్ సొంత పేరు పెట్టుకున్నాడు, తిట్లన్నీ నేరుగా ఆయనకే తగిలాయి.

డ్రమ్ముపిచ్చి:
అసలు దోషి నిర్మాత బో హిల్. రాట్ బృందానికి ‘ఔట్ ఆఫ్ ది సెల్లార్’ ఆల్బమ్ చేసినవాడు. మోర్గన్‌స్టీన్ లాంటి మనిషిని కూర్చోబెట్టి స్నేర్ మీద, అదే టప్పుమని మోగే ఆ చిన్న డ్రమ్ము మీద, అంత ప్రతిధ్వని పులుముతారా? గోడౌన్‌లో తలుపు వేసిన చప్పుడులా ఉంటుంది. మణికట్టు సున్నితంగా వేసే చిన్న దెబ్బలన్నీ అందులో మునిగిపోయాయి. ఆల్బమ్‌ను చెడగొట్టింది కార్టూన్ కాదు, ఆ స్నేర్.

తీగలమోత:
@నల్లచొక్కా అమ్మకాలు వేరు, గౌరవం వేరు. ‘హెడెడ్ ఫర్ ఎ హార్ట్‌బ్రేక్’ అమెరికాలో 19వ స్థానం, ‘సెవెంటీన్’ 26వ స్థానం. కాదనను. కానీ గిటార్ పత్రికల్లో రెబ్ బీచ్‌ను మెచ్చుకున్నవారు కూడా బృందం పేరు వచ్చేసరికి గొంతు తగ్గించేవారు. ‘సెవెంటీన్’ గిటార్ బాణీ ఒక్కసారి వాయించి చూడండి. వినడానికి తేలిక, పట్టుకోవడానికి కష్టం. ఎక్కడ ఆపాలో, ఎక్కడ తెంచాలో తెలియకపోతే రెండో వరుసకే చెయ్యి తడబడుతుంది. మూడు తీగలు పట్టుకుని లోకాన్ని ఉద్ధరించామన్న గ్రంజ్ బృందాలకు, అంటే 90ల్లో ముతక చప్పుడుతో వచ్చిన ఆ రాక్ బృందాలకు, వచ్చిన మర్యాదలో సగం కూడా వీరికి రాలేదు.

నల్లచొక్కా:
కష్టమైన బాణీ అయితే మంచి పాట అయిపోతుందా? నేను తల్లకిందులుగా నిలబడి సుప్రభాతం చదివితే అది కూడా కష్టమే.

వానపాట:
😂 ఇది మాత్రం నిజం.

సావేరి:
‘సెవెంటీన్’ పేరు రెండుసార్లు వచ్చింది. పాట దేని గురించో ఒక్కరూ చెప్పలేదు. అమ్మాయికి పదిహేడేళ్లు. వాళ్ల నాన్న చిన్నపిల్ల అంటున్నాడు, పాడేవాడు మాత్రం నాకు ఈ వయసు చాలులే అంటాడు. ఆల్బమ్ వచ్చేనాటికి కిప్‌కు 27 ఏళ్లు. నవ్వు ఎందుకు వచ్చిందో తెలియదుగానీ, కొందరికి చికాకు ఎందుకు వచ్చిందో ఇందులోనే ఉంది.

తీగలమోత:
అమ్మా, అది 1988. అప్పుడు అందరూ అలాగే రాసేవారు. 1977లోనే కిస్ బృందం ‘క్రిస్టీన్ సిక్స్‌టీన్’ పాడింది. బీటిల్స్ తొలి ఆల్బమ్‌లో మొదటి పాట మొదటి వాక్యంలోనే అమ్మాయి వయసు పదిహేడు. మరి బీటిల్స్‌ను ఎవరూ ఏమీ అనరే?

సావేరి:
ఆ పాట రికార్డు చేసినప్పుడు మెకార్ట్నీకి ఇరవై ఏళ్లు. అందులో నాట్యం చేద్దామని అడుగుతాడు, తండ్రితో వాదన పెట్టుకోడు. కిస్ పాట మీద నాకు ఇంతకన్నా ఎక్కువ అభ్యంతరం ఉంది, అడిగారు కనుక చెబుతున్నాను. ఇంకో మాట. నేను మీ అమ్మను కాను.

నల్లచొక్కా:
సాహిత్యం సంగతి పక్కన పెట్టినా, వింగర్‌ను కార్టూన్ ముంచిందన్న కథలో తేదీలే సరిపోవు. గ్రంజ్ బృందం నిర్వాణా ఆల్బమ్ ‘నెవర్‌మైండ్’ 1991 సెప్టెంబరులో వచ్చింది. కార్టూన్ 1993 మార్చిలో మొదలైంది. ఈ మధ్యలో జుట్టు ఊపే బృందాలన్నీ వరుసగా పడిపోయాయి. వారెంట్ బృందాన్ని ఏ కార్టూన్ ముంచింది? గాలి మారింది, అంతే.

తీగలమోత:
గాలి అందరికీ మారింది. కానీ పేరు పెట్టి వెక్కిరించింది ఒక్కరినే. రెండో ఆల్బమ్‌లోని ‘మైల్స్ అవే’ 12వ స్థానానికి వెళ్లింది, అంటే పతనం తొలి ఆల్బమ్‌తో మొదలవలేదు. మూడో ఆల్బమ్ ‘పుల్’ 1993 మేలో వచ్చింది. వారి పనిలో అన్నిటికన్నా బరువైనది, ముదురైనది అదే. సరిగ్గా అప్పుడే టీవీలో ఆ చొక్కా నడుస్తోంది. మరుసటి ఏడాదికల్లా బృందం విడిపోయింది. కార్టూన్ దెబ్బ ఎంతటిదో కిప్ స్వయంగా ఇంటర్వ్యూల్లో చెప్పుకున్నాడు.

నల్లచొక్కా:
ఓడినవాడు తన ఓటమికి కారణం చెబితే దాన్ని సాక్ష్యంగా తీసుకోవాలా?

డ్రమ్ముపిచ్చి:
‘పుల్’కు నిర్మాతగా మైక్ షిప్లీ పనిచేశాడు. డ్రమ్స్ ఎలా వినిపించాయో వినండి. నేను చెప్పింది అదే.

తీగలమోత:
సాక్ష్యం కావాలా? నాదే ఉంది. ఇంజినీరింగ్ చదివే రోజుల్లో మా హాస్టల్‌లో ముగ్గురం కలిసి వాయించేవాళ్లం. అప్పు తెచ్చుకున్న గిటార్, తీగలు తుప్పు పట్టి వేళ్లు నల్లబడేవి. వార్షికోత్సవానికి ‘హెడెడ్ ఫర్ ఎ హార్ట్‌బ్రేక్’ సాధన చేశాం. చివర వచ్చే గిటార్ భాగం స్వరం తప్పకుండా రావడానికి నెలల తరబడి క్యాసెట్ వెనక్కి తిప్పి తిప్పి విన్నాను. పరీక్షల్లో రెండు సబ్జెక్టులు పోయాయి కూడా. ఎంపిక చేసే సీనియర్లు సగం పాట కూడా వినలేదు. “వింగరా? ఆ కార్టూన్ పిల్లవాడి చొక్కా కదా!” అని ఒకడు అన్నాడు. హాలంతా నవ్వింది. ఆ తర్వాత వేదిక ఎక్కినవారు మెటాలికా పాట వాయించారు. సొంత గిటార్ శ్రుతి కూడా చూసుకోలేదు. వారికే మొదటి బహుమతి.

ఆ నల్లచొక్కాల గుంపు మాటలే ఇప్పుడు ఇక్కడ మళ్లీ వింటున్నాను.

నల్లచొక్కా:
నా పేరు చూసి నన్ను మీ హాస్టల్ సీనియర్‌ను చేశారు. నేను ఇంజినీరింగ్ చదవలేదు, బి.కామ్. మీ హాస్టల్ ఎక్కడుందో కూడా తెలియదు.

వానపాట:
రెండు సబ్జెక్టులు పోయాయన్న బాధ వింగర్ ఖాతాలో వేస్తున్నారేమో అన్నయ్యా.

తీగలమోత:
వేళాకోళం చేయడం తేలిక. వాయించడం కష్టం. ఈ చర్చలో ఆల్బమ్ మొత్తం విన్నవారు ఎందరో నాకు అనుమానమే. ‘హంగ్రీ’ మొదట్లో వచ్చే తీగవాద్యాలు ఎవరికీ పట్టలేదు. ‘పర్పుల్ హేజ్’లో డ్వీజిల్ జప్పా గిటార్ ఎవరికీ పట్టలేదు. పాట విని ఆనందించడం రానివారే పదాలు ఏరుకుంటూ కూర్చుంటారు. ఒక్క పాటలో ఒక్క వరుస పట్టుకుని నలుగురు విద్వాంసుల కృషిని చెత్తబుట్టలో వేస్తారు. ఆ పాటకు ఆ రోజుల్లో ఎవరికీ అభ్యంతరం లేదు. ఇప్పుడు కొత్తగా పుట్టుకొచ్చింది.

సావేరి:
ఎవరికీ అభ్యంతరం లేదా? సరే, మీ సాక్ష్యం విన్నాను, నాది వినండి.

నాకు పదిహేడేళ్లప్పుడు ఇంట్లో పెళ్లిచూపులు పెట్టారు. ఇంటర్ రెండో సంవత్సరం, హాల్ టికెట్ ఇంకా రాలేదు. వచ్చినాయనకు ఇరవై ఎనిమిది. టిఫిను పళ్లెం తీసుకుని హాల్లోకి వెళ్లాను. ఆయన నన్ను ఒక్క మాటా అడగలేదు. పళ్లెం కింద పెట్టేలోపే వాళ్ల మేనత్త మా అమ్మ వైపు తిరిగి, “వయసుదేముంది, పిల్ల ఏపుగానే ఉందిగా” అంది. అందరూ నవ్వారు. నాన్న కూడా నవ్వారు. ఆ సంబంధం కట్నం దగ్గర తప్పిపోయింది. నా వయసు దగ్గర కాదు.

ఆ వేసవిలోనే మా పిన్ని కొడుకు బెంగళూరు నుంచి ఈ క్యాసెట్ తెచ్చాడు. ఇంగ్లీషు పాటలు అంతగా అర్థమయ్యేవి కావు, కానీ ఆ పాట పల్లవి అర్థమైంది. అందులో కనీసం తండ్రి వద్దంటున్నాడు. అభ్యంతరం అప్పుడూ ఉంది. మీ హాల్లో నాలాంటివారు లేరు, అంతే.

నిర్వాహకులు:
వ్యక్తిగత వ్యాఖ్యలు తగ్గించుకోండి. ఎవరు విన్నారు, ఎవరు వినలేదు అన్న పరీక్షలు పెట్టవద్దు.

పాతక్యాసెట్:
సావేరి గారు, ఆ మేనత్త మాట చదివి మనసు చివుక్కుమంది.

నల్లచొక్కా:
ఇప్పటిదాకా స్థానాలు, తేదీలు అంటూ నేనూ చుట్టూ తిరిగాను. నా అభ్యంతరం సూటిగా చెబుతాను. వీరికి విద్య ఉందని నేను ఎన్నడూ కాదనలేదు. ఉండి కూడా దాన్ని దాచి, పోస్టర్‌కు పనికొచ్చే పాటలు చేశారన్నదే నా కోపం. అదే కిప్ 2010లో ‘ఘోస్ట్స్’ అని బ్యాలేకు సంగీతం రాశాడు, నృత్య దర్శకుడు క్రిస్టఫర్ వీల్డన్ దాన్ని శాన్ ఫ్రాన్సిస్కో బ్యాలే బృందానికి కూర్చాడు. ఆ తర్వాత ఆర్కెస్ట్రా ఆల్బమ్‌కు గ్రామీ నామినేషన్ కూడా వచ్చింది. మోర్గన్‌స్టీన్ బర్క్లీ సంగీత కళాశాలలో పాఠాలు చెప్పాడు. ఇంత తెలిసినవారు వేదిక మీద గిరగిరా తిరిగి పోస్టర్లు అమ్ముకున్నారు. చేతకానివాడు తేలికపాట చేస్తే సరే. చేతనైనవాడు చేస్తే నాకు ఒళ్లు మండుతుంది.

తీగలమోత:
మీకు ఒళ్లు మండేది అక్కడా! నాకు అదే నచ్చుతుంది. కష్టమైనదాన్ని పదో తరగతి పిల్లవాడు కూడా ఈల వేసేలా ఇచ్చారు. విద్య ఉన్నవాడు తెల్లచొక్కా వేసుకుని కచేరీ హాల్లోనే కూర్చోవాలా? జుట్టు పెంచుకుని నలుగురికీ నచ్చే పాట చేస్తే పాపమా? బ్యాలే రాసినందుకు ఇప్పుడు మర్యాద ఇస్తామంటే ఆ మర్యాద నాకు అక్కర్లేదు. ఆ తొలి ఆల్బమ్‌కే ఇవ్వాలి, ఆ జుట్టుతోనే, ఆ ప్యాంట్లతోనే.

సావేరి:
చూశారా, మీ ఇద్దరి గొడవా విద్య చుట్టూనే తిరుగుతోంది. ఒకరు విద్య ఉంది కనుక క్షమించాలంటారు, ఇంకొకరు విద్య ఉంది కనుక క్షమించనంటారు. నేను అడిగింది అది కాదు. మోర్గన్‌స్టీన్ ఎంత బాగా వాయించినా ఆ పల్లవి ఆ పల్లవే. ‘హెడెడ్ ఫర్ ఎ హార్ట్‌బ్రేక్’లో కీబోర్డు మొదలవగానే ఇప్పటికీ చేతిలో పని ఆపేస్తాను. రెండూ ఒకే ఆల్బమ్‌లో ఉన్నాయి. ఒకదాని కోసం ఇంకొకదాన్ని కడిగి శుభ్రం చేయనక్కర్లేదు.

తీగలమోత:
మీకు జరిగింది బాధాకరం. అందులో రెబ్ బీచ్ తప్పేమీ లేదు.

సావేరి:
ఉందని నేను అనలేదు. “ఎవరికీ అభ్యంతరం లేదు” అన్నది మీరు. ఆ వాక్యం ఇంకా పైన అలాగే ఉంది.

వానపాట:
ఈ ఆల్బమ్ ఇప్పుడే పెట్టాను. ‘మడలీన్’ బాగుంది. అది చెప్పవచ్చా, గొడవ అవుతుందా?

డ్రమ్ముపిచ్చి:
చెప్పండి. ఆ పాటలో స్నేర్ ఎలా ఉంది? హెడ్‌ఫోన్‌లో విని చెప్పండి, ఫోను స్పీకర్‌లో వద్దు.