పార్కు వస్తే పేదల ఇళ్లు పోతాయంటే పార్కే వద్దనాలా? (షికాగో 606 ట్రైల్)

రవి_ఎల్ఎస్:
తెలియనివాళ్ల కోసం: షికాగోలో పాత రైల్వే కట్ట మీద 2015 జూన్‌లో 606 అనే నడక దారి తెరిచారు, 2.7 మైళ్లు. తూర్పు కొసన డబ్బున్న బక్‌టౌన్, పడమటి కొసన ప్యూర్టోరికన్లు, మెక్సికన్లు ఏళ్లుగా ఉంటున్న హంబోల్ట్ పార్క్, లోగన్ స్క్వేర్ పేటలు. 2013లో పని మొదలైంది, మూడేళ్లలో పడమటి వైపు ఇళ్ల ధరలు 48 శాతం పెరిగాయని డిపాల్ యూనివర్సిటీ లెక్క. అద్దెలు కట్టలేక చాలామంది ఖాళీ చేశారు. 2021లో, ట్రైల్ చుట్టుపక్కల ఇల్లు కూలిస్తే నగరానికి కనీసం 15 వేల డాలర్ల ఫీజు కట్టాలన్నారు, 2024లో అది 60 వేలైంది. ఈ ఫీజు అన్యాయం అంటాను. పార్కు అందరిదీ. కొత్త ఇళ్లు ఎక్కువ కట్టనిస్తే అద్దెలు వాటంతటవే దిగుతాయి.

సుజాత_కె:
రవి గారూ, ఎక్కువ ఇళ్లు కట్టాలనే నేనూ అంటాను, కానీ అక్కడ కూల్చేది దేన్నో చూడండి. టూ-ఫ్లాట్ అని ఇటుకల మేడ ఇళ్లుంటాయి, కింద ఓనర్లు, పై వాటా అద్దెకు, చాలాసార్లు చుట్టాలకే. దాన్ని కొని పడగొట్టి అదే స్థలంలో ఒక్క కుటుంబానికి పెద్ద ఇల్లు లేపుతున్నారు. రెండు కాపురాలున్న చోట ఒక్కటే మిగిలింది, మరి ఇళ్లు పెరిగినట్టా తగ్గినట్టా? ఆ ఫీజు పడేది కూల్చేవాడి మీద. ఇల్లు ఉన్నదున్నట్టు కొనుక్కునేవాడికి పైసా భారం లేదు.

పైగా అక్కడి ప్యూర్టోరికన్లకు ఇలా ఖాళీ చేయాల్సి రావడం కొత్త కాదు. 1960ల్లో అర్బన్ రిన్యూవల్ (పాత పేటలు కూల్చి కొత్తగా కట్టడం) పేరుతో లింకన్ పార్క్ అనే పేట నుంచి వెళ్లగొడితే హంబోల్ట్ పార్క్ చేరిన ప్యూర్టోరికన్ కుటుంబాలు ఎన్నో. 1995లో అక్కడి డివిజన్ స్ట్రీట్ మీద, రోడ్డు పైనుంచి వంపు తిరిగేలా ఉక్కుతో రెండు పెద్ద ప్యూర్టోరికో జెండాలు నిలబెట్టారు, ఒక్కోటి 59 అడుగుల ఎత్తు. మళ్లీ కదిలించొద్దని అంతకంటే గట్టిగా ఎలా చెప్తారు?

చందు_ఇల్లినాయ్:
సుజాత గారూ, మా ఓనరు మెక్సికన్ పెద్దాయన. జీతం డబ్బులతో కొనుక్కున్న ఆ ఇల్లే ఆయనకు పెన్షన్. కూల్చి కట్టేవాడే ఎక్కువ ధర ఇస్తాడు, 60 వేలు ఫీజంటే ఆ మేరకు తగ్గించి అడుగుతాడు. దెబ్బ తగిలేది లాటినో ఓనరుకే కదా?

సుజాత_కె:
నిజమే చందు గారూ, ఆ దెబ్బ తగులుతుంది, కాదనను. ఇల్లు నిలబెట్టే ఓనర్లకు ఆస్తి పన్ను తగ్గించి ఆ లోటు పూడ్చాలి. కానీ పై వాటాలో ఉన్నవాళ్లకు అమ్ముకోవడానికి ఏముంది? 2024 రూల్‌లో ఓనరు అమ్మితే ముందు కొనే అవకాశం అద్దెకున్నవాళ్లకే ఇచ్చారు, నాకు బాగా నచ్చింది అదే.

రవి_ఎల్ఎస్:
అంటే మీరు పార్కు వద్దంటున్నారా?

సుజాత_కె:
అస్సలు కాదు. అక్కడి పిల్లలకూ చెట్లు కావాలి. ట్రైల్ 2015లో, ఫీజు 2021లో, నా గొడవంతా ఆ ఆరేళ్ల గురించే. లోగన్ స్క్వేర్ బ్లూ లైన్ (మెట్రో రైలు) స్టేషన్ పక్కన నగరానికి చెందిన పార్కింగ్ స్థలంలో తక్కువ అద్దెల ఫ్లాట్లు 100 కట్టారు, అవి తయారయ్యేసరికి 2022. అప్పటికే ఎంతమంది పోయారో! ఐటీ జీతాలతో మనం దిగుతున్నది కూడా ఆ స్టేషన్ల చుట్టూనే, కాబట్టి ఇది మనకు పట్టని విషయం కాదు. ట్రైల్‌కు డబ్బు మంజూరు చేసే ఓటింగ్‌లోనే ఇళ్లకూ డబ్బు, కూల్చివేత ఫీజు పాస్ చేయాలి, ఒకటి లేకుండా రెండోది మొదలుకాకూడదు.