లూకా 1:3లో ‘తరచి పరిష్కారముగా’ అంటే?

ఒంగోలు చదువరి:
అందరికీ నమస్కారం. మిషనరీ క్లౌ దొర కాలం నుంచి మాది బాప్టిస్టు కుటుంబం, కాబట్టి ఈ వాక్యం నాకు కంఠతా వచ్చు. లూకా సువార్త మొదట్లోనే రచయిత తన గురించి "మొదటనుండి తరచి పరిష్కారముగా తెలిసికొనియున్న నేనును" అంటాడు. పరిష్కారం అంటే సమస్యకు దొరికేదని మనం వాడుతున్నాం. ఇక్కడ సమస్య ఏముంది? ఇంకో ప్రశ్న కూడా ఉంది, కొంచెం టెన్షన్ పడుతూనే అడుగుతున్నా. తాను తరచి చూశానని ఆయన చెప్పుకున్నాడు. ఆయన రాసినదాన్ని మనమూ అట్టాగే తరచి చూడొచ్చా? చూస్తే ఎక్కడ మొదలుపెట్టాలి?

కావలి మాస్టారు:
మొదటిది తేలికమ్మా. తరచడమంటే చిలకడం, దాని మీదనే లోతుగా వెతకడం అనే అర్థం వచ్చింది. పరిష్కారం పాత వాడుకలో తప్పులు తీసి శుభ్రం చేయడం. తాళపత్ర ప్రతులు పోల్చి కావ్యాన్ని అచ్చుకు సిద్ధం చేసినాయన్ని పరిష్కర్త అంటాం కదా, ఆ అర్థం. గ్రీకులో అక్కడున్న మాట ‘అక్రిబోస్’, ఖచ్చితంగా, జాగ్రత్తగా అని. అనువాదకులు మంచి మాటే వేశారు.

రెండోదానికి లూకాయే దారి చూపించాడు. ఆ నాలుగు వచనాలూ మళ్లీ చదువు. "కన్నులార చూచి"నవాళ్లు వేరే ఉన్నారంటాడు, వాళ్లు అప్పగించారంటాడు, తనకంటే ముందే "అనేకులు" రాయడానికి పూనుకున్నారంటాడు. అంటే తాను చూడలేదు; విన్నాడు, చదివాడు. ఆ సంగతి దాచుకోకుండా చెప్పడం నాకు నచ్చింది. ఆయన చదివినవాటిలో మార్కు సువార్త ఉందని పండితుల్లో ఎక్కువమంది అభిప్రాయం. గ్రీకు రాకపోయినా ఇది చూడొచ్చు. పక్షవాయువు రోగి కథ మార్కు 2లోదీ లూకా 5లోదీ పక్కపక్కన పెట్టుకో. యేసు మాట్లాడుతుండగా, ఇక రోగితో అన్నాడని రచయిత మధ్యలో అడ్డొచ్చే చోటు రెండింటిలోనూ ఒకటే. ఇద్దరు సాక్షులు ఎవరికివారు చెబితే అట్టా కుదరదు. కాబట్టి ఆ కథకు మార్కు ఒకటి, లూకా ఒకటి అని రెండు సాక్ష్యాలు లెక్కేయకూడదు.

బయటి ఆధారాలతో సరిచూసుకోగల చోట్లు అపొస్తలుల కార్యాల్లో ఎక్కువ, అదీ ఈ రచయితదే. 18:12లో పౌలు కొరింథులో ఉన్నప్పుడు గల్లియోను అకయకు అధిపతి అంటాడు. గ్రీసులో డెల్ఫీలో దొరికిన శాసనంలో క్లౌదియ చక్రవర్తి ఆ గల్లియో పేరెత్తాడు. దాన్నిబట్టి ఆయన పదవీకాలం క్రీ.శ. 51-52 ప్రాంతమని తేలింది. పౌలు తేదీల లెక్కంతా ఈ రాయిని పట్టుకునే కడతారు. థెస్సలొనీక పట్టణ అధికారులను లూకా ‘పొలితార్కులు’ అన్న మాట కూడా ఆ ఊరి శాసనాల్లో దొరికింది.

తప్పిన చోటూ చెప్పాలి. లూకా 2:2, కురేనియు సిరియకు అధిపతిగా ఉన్నప్పటి ప్రజాసంఖ్య, అంటే జనాభా లెక్క; యేసు పుట్టింది ఆ సమయంలోనే అంటాడు. మొదటి శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసీఫస్ ప్రకారం అది క్రీ.శ. 6. యూదయ రాజు హేరోదు పోయింది, ఎక్కువమంది ఒప్పుకునే లెక్కలో, క్రీ.పూ. 4. లూకా 1:5 కథను హేరోదు రోజుల్లోనే మొదలుపెడుతుంది. తొమ్మిది పదేళ్ల తేడా. సర్దడానికి చాలామంది ప్రయత్నించారు. నాకైతే ఏదీ అతికినట్టు లేదు.

కోవూరు అయ్యగారు:
మాస్టారికి వందనాలు. ఒక్క 2:2 దగ్గర ఆగిపోతే ఎట్టా? కొత్త నిబంధనకు చేతిరాత గ్రీకు ప్రతులే 5,800 దాకా ఉన్నాయి. మాంచెస్టర్‌లో ఉన్న యోహాను సువార్త పాపిరస్ ముక్క రెండో శతాబ్దానిది అంటున్నారు. ప్రాచీన గ్రంథాల్లో దేనికుంది ఇంత ఆధారం?

కావలి మాస్టారు:
వందనాలు అయ్యగారూ. అంకె సరిగ్గానే చెప్పారు. అందులో ఎక్కువ భాగం తొమ్మిదో శతాబ్దం తరవాతివి. ఆ పాపిరస్ చూస్తే అరచేతిలో ఇమిడిపోయే ముక్క, దాని కాలాన్ని ఇంకొంచెం ఇవతలికి జరిపేవాళ్లూ ఉన్నారు. అవి పక్కన పెడదాం.

నేను పట్టుబట్టేది వేరేచోట. ప్రతులు ఎన్ని ఎక్కువుంటే రచయిత ఏం రాశాడన్నది అంత బాగా తేలుతుంది. రాసింది జరిగిందా అన్నది వాటివల్ల తేలదు. మన నెల్లూరు తిక్కననే తీసుకోండి. పదమూడో శతాబ్దంలో, మనుమసిద్ధి కాలంలో, విరాటపర్వం మొదలు పదిహేను పర్వాలు రాశాడు. ఆయన ఏ పద్యం ఎట్టా రాశాడో ప్రతులు పోల్చి చాలావరకు గట్టిగానే చెప్పగలం. సంస్కృత భారతానికైతే పూనాలో 1919లో మొదలుపెట్టి 1966 దాకా వందల ప్రతులు పోల్చారు. అంత చేసినా, నర్తనశాలలో కీచకుడు నిజంగా చచ్చాడా అన్న ప్రశ్న కదల్లేదు. భారతం విషయంలో మీరు దీన్ని వెంటనే ఒప్పుకుంటారు. బైబిలు దగ్గరకొచ్చేసరికి ప్రతుల సంఖ్య చూపించి సంఘటనకు రసీదు రాసిస్తున్నారు.

సింగరాయకొండ కుర్రాడు:
బాగా చెప్పారు సార్. ఇంకోటి, 1 యోహాను 5:7. పాత ఇంగ్లీషు బైబిల్లో పరలోకంలో సాక్ష్యమిచ్చే తండ్రి, వాక్యం, పరిశుద్ధాత్మ, ఈ ముగ్గురూ ఒకటేనని ఉంటుంది. మన తెలుగులో ఆత్మ, నీళ్లు, రక్తం అంతే. ఇష్టమొచ్చినట్టు కలిపి, ఇష్టమొచ్చినట్టు తీసేసిన పుస్తకాన్ని ఇంకా తరిచేదేంది?

కావలి మాస్టారు:
నువ్వూ అదే పని చేస్తున్నావు నాయనా, అటువైపు నుంచి. ఆ వాక్యం పాత గ్రీకు ప్రతుల్లో లేదు, లాటిన్ వైపు నుంచి వచ్చింది. గ్రీకు కొత్త నిబంధనను అచ్చువేసిన పండితుడు ఎరాస్మస్ 1516, 1519 ముద్రణల్లో దాన్ని వెయ్యలేదు, 1522లో వేశాడు. అట్టా అట్టా 1611 నాటి కింగ్ జేమ్స్ ఇంగ్లీషు బైబిల్లోకి చేరింది. తరవాతివాళ్లు ప్రతులు పోల్చి తీసేశారు. అది చేర్పు అని మనకెట్టా తెలిసింది? అయ్యగారు చెప్పిన ఆ వేల ప్రతుల వల్లే. వాటి అసలు ఉపయోగం ఇది. ఒక వాక్యం ప్రక్షిప్తమని, అంటే తరవాత ఎవరో చేర్చిందని తేలితే పుస్తకమంతా ప్రక్షిప్తం అయిపోదు, ఏ చోటుకా చోటు విడిగా చూసుకోవలసిందే.

మార్కు చివరి భాగం దీనికంటే రుచిగా ఉంటుంది. సీనాయి ప్రతి, వాటికన్ ప్రతి, రెండూ నాలుగో శతాబ్దానివి. రెండింటిలోనూ మార్కు 16:8తో ఆగిపోతుంది: "వారు భయపడినందున ఎవనితో ఏమియు చెప్పలేదు." 9 నుంచి 20 దాకా లేవు. ప్రతుల సంగతి అట్టుంచి లోపలి ఆనవాళ్లు చూడు. మగ్దలేనే మరియ 16:1లోనే వచ్చింది. అయినా తొమ్మిదో వచనంలో ఆమెను, ఏడు దయ్యాలు వదిలిన ఆవిడ అని కొత్త మనిషిలా పరిచయం చేస్తారు. గ్రీకు శైలి కూడా అక్కడ మారుతుందంటారు. అరణ్యపర్వం చదివినవాళ్లకు ఇది కొత్త కాదు. "శారదరాత్రులు" పద్యం దగ్గర నన్నయ ఆగిపోయాడంటారు, అక్కడి నుంచి మన ఎర్రన అందుకున్నాడు. నన్నయ పోకడ పట్టి, రాజరాజనరేంద్రుడికే అంకితమిచ్చి, అతుకు తెలియకుండా నడిపాడు. కాకపోతే పర్వం చివర ఎర్రయ అని తన పేరు చెప్పుకున్నాడు. మార్కును పూరించినాయన పేరు మనకు తెలియదు. ఎర్రన భాగాన్ని మనం పారేయలేదు, అట్టాగని నన్నయదని చెప్పుకోవడమూ లేదు. మార్కుకూ అదే మర్యాద చాలు. పాములను ఎత్తి పట్టుకొంటారన్న మాట ఈ భాగంలోదే సుమా. అమెరికాలో దాన్ని నమ్మి ప్రార్థనలో పాముల్ని పట్టి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు.

ఒంగోలు చదువరి:
మాస్టారూ, మరి అసలు సంగతి. సిలువ, పునరుత్థానం?

కావలి మాస్టారు:
సిలువకు బయటి సాక్ష్యం ఉందమ్మా. రోమన్ చరిత్రకారుడు టాసిటస్‌కు క్రైస్తవులంటే చిరాకు. ఆయనే సుమారు క్రీ.శ. 116లో, రోమన్ అధిపతి పిలాతు చేతిలో క్రీస్తుకు మరణశిక్ష పడిందని రాశాడు. పిలాతు పేరు చెక్కిన రాయి 1961లో కైసరయలో దొరికింది. విశ్వాసం లేని చరిత్రకారులు కూడా దాదాపు అందరూ సిలువను ఒప్పుకుంటారు.

పునరుత్థానం గురించి మన చేతిలో ఉన్న తొలి వివరమైన రాత 1 కొరింథీయులు 15. క్రీ.శ. 50ల నడిమిది. పౌలు అక్కడ "నాకియ్యబడిన ఉపదేశమును" అప్పగించానంటాడు, అంటే ఆ మాట ఉత్తరం కంటే పాతది. ఎన్నో తరాల తరవాత అల్లిన కథ అనే వాదన దీని ముందు నిలవదు. లేచినవాణ్ణి చూశామని వాళ్లు నమ్మారన్నంత దాకా ఆధారం మనల్ని తీసుకెళుతుంది. వాళ్లు చూసింది ఏమిటన్నదానికి వచ్చేసరికి, చదివేవాళ్లు ఏది సాధ్యమని ముందే అనుకుంటారో అదే ఎక్కువ మాట్లాడుతుంది. ఆ తీర్పు నీ తరఫున నేను చెప్పను.

కోవూరు అయ్యగారు:
నేను 2:2ను వదల్లేదు మాస్టారూ. అక్కడి గ్రీకు మాట ‘ప్రోతే’. దానికి ‘మొదటి’ అనే కాక ‘కంటే ముందు’ అనీ అర్థం వస్తుంది, యోహాను 1:15లో అట్టాగే వాడారు. కురేనియు కంటే ముందు జరిగిన ప్రజాసంఖ్య అనుకుంటే హేరోదుతో గొడవ లేదు.

కావలి మాస్టారు:
పట్టుకోవలసిందే పట్టుకున్నారు. అయితే యోహానులో ఆ మాట పక్కన ‘నా’ అనే సర్వనామం ఒక్కటే ఉంది. లూకాలో ఉన్నది "అధిపతియై యున్నప్పుడు" అని కాలం చెప్పే పూర్తి నిర్మాణం. లూకా 3:1లో పిలాతు గురించి అదే క్రియతో, అదే నిర్మాణంతో రాశాడు. అక్కడ ‘పిలాతు కంటే ముందు’ అని ఎవరూ చదవరు కదా. ఇట్టాంటి నిర్మాణం పక్కన ‘ప్రోతే’కి ‘ముందు’ అనే అర్థం గ్రీకులో ఇంకెక్కడైనా కనిపిస్తే ఇక్కడే పెట్టండి అయ్యగారూ, ఆదివారం ఆరాధన అయ్యాకైనా సరే.